ఖాళీగా బిగించిన నట్టు

పొద్దున్నే మా బావ బిగించిన నట్టు విప్పడంతో నా రోజు మొదలవుతుంది. బావంటే మా అక్క మొగుడు. బావా మరదళ్ళు అనగానే జనం ముసిముసిగా నవ్వుతారు, ఏవో సరసాలు ఊహించుకుంటారు. మా ఇద్దరినీ ఒక్క పూట షెడ్డులో చూస్తే ఆ ఊహలన్నీ ఎగిరిపోతాయి. మమ్మల్ని ఉప్పూ నిప్పూ అంటుంది అక్క. ఉప్పు నిప్పులో పడితే కాసేపు చిటపటలాడి ఊరుకుంటుంది. మేం ఊరుకునే రకం కాదు.

షెడ్డు నాన్నది. తలుపులు, అల్మారాలు, మెట్ల పక్కన పట్టుకునే చెక్క కమ్మీలు చేస్తాం. ముందు గదిలో పని బల్లలు, అక్కడే కిటికీ కింద రౌటర్ బల్ల, వెనక గదిలో రంపం మిషను. రౌటర్ అంటే చెక్క అంచుని గుండ్రంగానో గాడిగానో చెక్కే మిషను. దాని మూతిలో గిర్రున తిరిగే చిన్న కత్తిని బిట్టు అంటాం. ఆ బిట్టుని పట్టుకుని ఉండేది కాలెట్. అదొక పొట్టి ఉక్కు గొట్టం, దానికి నిలువునా చీలికలుంటాయి. పైన నట్టు బిగించే కొద్దీ ఆ చీలికలు దగ్గరికొచ్చి బిట్టుని పిడికిలిలా పట్టుకుంటాయి, నట్టు వదులు చేస్తే వదిలేస్తాయి. చూడ్డానికి ఇంతే ఉంటుంది గానీ, అది సరిగ్గా పట్టుకోకపోతే బిట్టు ఎగిరొచ్చి ఎవరి కంట్లో దిగుతుందో చెప్పలేం.

మిషను ఒకటే, చేసేవాళ్ళం ఇద్దరం. పొద్దున నాది, మధ్యాహ్నం నుంచి బావది. ఎవరి బిట్లు వాళ్ళవి. నా పని అయ్యాక నా బిట్టు మిషన్లోనే ఉంచేసి పోతాను. అతను అది విప్పి తనది పెట్టుకుంటాడు. సాయంత్రం అతనిది ఉంటుంది, మర్నాడు అది నేను విప్పాలి.

బావ పని చేసే ఫ్యాక్టరీ మూతపడితే అక్క నాన్నని బతిమాలి అతన్ని ఇక్కడ చేర్చింది. చేరిన మొదటి రోజుల్లోనే, నాన్న వింటూ ఉండగా, "మరదలి బిగింపు కదా మావయ్యా, ఊదితే ఊడొచ్చేసింది" అని నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చిన్నప్పటి నుంచీ ఈ రంపపు పొట్టులోనే పెరిగినదాన్ని, నిన్నగాక మొన్న వచ్చినవాడి చేత మాట పడ్డాను. ఆ రోజు నుంచి నా బలమంతా పెట్టి బిగించడం మొదలుపెట్టాను. అతను అంతకు మించి బిగించాడు. అక్కణ్ణించి పోటీ పడి ఒకరి మీద ఒకరం కసి అంతా ఆ నట్టు మీదే తీర్చుకుంటూ వచ్చాం.

అతని బిగింపు నాకు కంఠతా వచ్చు. ఒక్క గుంజు గుంజి, చివర్లో పానా మీద అరచేత్తో ఒక దెబ్బ వేస్తాడు. అందుకని విప్పేటప్పుడు అతని నట్టు కాసేపు మొరాయించి, టక్కుమని ఒక్కసారే వదులుతుంది. పానా చివర ఇనప పైపు తొడిగితే ఈ తిప్పలేమీ ఉండవు. పైపు పొడుగ్గా ఉంటుంది కాబట్టి చిన్న పిల్లాడు తిప్పినా ఎంత బిగిసిన నట్టయినా కదులుతుంది. నాన్న ఎప్పటిదో ఒక పైపు బల్ల కింద పడి ఉంది. నేను దాన్ని ముట్టను, ముడితే బావ నవ్వుతాడు. బావ ముట్టడు, ముడితే నేను నవ్వుతాను.

నాన్న ఇప్పుడు పని చెయ్యడు. చేతులు వణకడం మొదలయ్యాక అక్కా నేనూ కలిసి ఆయన్ని మిషన్ల దగ్గరికి రానివ్వడం మానేశాం. గుమ్మం పక్కన కుర్చీ వేసుక్కూర్చుని మా ఇద్దరి పనికీ వంకలు పెడుతుంటాడు. ఈ మధ్య కాస్త మరుపు కూడా వచ్చింది. ఆయన పాత నియమాలు మాత్రం షెడ్డులో ఇంకా నడుస్తున్నాయి. నట్టు ఎప్పుడూ వదులుగా వదిలి వెళ్ళకూడదు, ఊడి పొట్టులో పడితే మళ్ళీ దొరకదు. బిట్టు లేనప్పుడు మాత్రం పానా పెట్టకూడదు, వేళ్ళతో తిప్పి వదిలెయ్యాలి. ఖాళీ కాలెట్‌ని పానాతో బిగిస్తే పట్టుకోవడానికి లోపల ఏమీ ఉండదు కాబట్టి అది నలిగిపోయి మిషను మూతిలోనే ఇరుక్కుపోతుంది.

ఆ పొద్దున షట్టరు తీసి లోపలికి వెళ్ళి చూస్తే రౌటర్ మూతి ఖాళీగా ఉంది. బావ బిట్టు పక్కన డబ్బాలో పడి ఉంది. నట్టు మీద పానా పెట్టి తిప్పాను. కదల్లేదు. రెండు చేతులతో వేళ్ళాడినంత పని చేశాను. అయినా కదల్లేదు. నాకు అర్థమైపోయింది. బిట్టు తీసేసి, ఖాళీ నోటికి పానా పెట్టి బిగించాడు, నా మీద కసితో మిషన్నే చంపేశాడు.

ఫోను తీసి అక్కకి చేశాను. "నీ మొగుణ్ణి పంపు" అన్నాను.

"పొద్దున్నే మొదలెట్టావా?" అంది అక్క.

"నేను కాదు, ఆయన నిన్న సాయంత్రమే మొదలెట్టి పోయాడు. పంపు."

బావ తల కూడా దువ్వుకోకుండా వచ్చాడు. మిషను చూశాడు, డబ్బాలో తన బిట్టు చూశాడు. ఎదురు నా మీదే విరుచుకుపడ్డాడు.

"నా బిట్టు ఎందుకు తీశావు?"

"నేనా? తీసి ఖాళీగా బిగించి పోయింది నువ్వు."

"నిన్న నేను వెళ్ళేటప్పుడు బిట్టు అందులోనే ఉంది. రాగానే పీకేసి, చెడగొట్టి, నా నెత్తిన రుద్దుతున్నావు. నీ బుద్ధి నాకు తెలీదా?"

"నిన్న చివర్లో చేసిందెవరు?"

"ఇవాళ ముందు ముట్టిందెవరు?"

"మీ ఫ్యాక్టరీ మూతపడిందంటే ఏమో అనుకున్నాను. నీలాంటివాళ్ళు ఇద్దరుంటే చాలు."

ఆ మాట అతనికి తగలాలనే అన్నాను, తగిలింది.  అతను నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి నాన్న గొంతు వినిపించింది. "ఇద్దరూ నోరు ముయ్యండి."

ఎప్పుడొచ్చాడో, మొత్తం విన్నాడు. తిన్నగా వచ్చి నట్టు వేళ్ళతో తడిమి చూశాడు. ఆయన మొహం మాడిపోయింది. ఆ మిషను ఆయన తన చేతులు బాగున్న రోజుల్లో కొన్నది, దాని మూతికి దుమ్ము పట్టినా ఊరుకునేవాడు కాదు.

"ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నాను. మీరూ మీరూ కొట్టుకు చస్తే చచ్చారనుకున్నాను. ఇప్పుడు నా మిషను మీద పడ్డారు" అన్నాడు. జేబులోంచి తన దగ్గరుండే షెడ్డు తాళం చెవి తీసి పని బల్ల మీద పెట్టాడు. "దాన్ని విప్పండి. లోపల కాలెట్ చూస్తే ఖాళీగా బిగించారో లేదో తేలుతుంది. ఖాళీగా బిగించింది ఎవరైనా సరే ఇవాళే ఈ షెడ్డు దాటిపోవాలి, మళ్ళీ లోపల అడుగు పెట్టకూడదు. కూతురూ అల్లుడూ అని చూడను. షెడ్డు మిగిలినవాళ్ళది."

 నాకు ఈ పని తప్ప వేరే పని రాదు, ఈ గది తప్ప వేరే చోటు లేదు. కానీ చేసింది నేను కాదని నాకు తెలుసు. అంటే పోయేది బావ. మనసులో ఎగిరి గంతేశాను, సిగ్గుపడను కూడా లేదు.

"ప్లగ్గు పీకావా?" అన్నాడు బావ.

"నీ చేత చెప్పించుకునే గతి ఇంకా పట్టలేదు. పీకే ఉంది."

నట్టు అంచుల్లో పల్చటి నూనె వేశాను. అది లోపలికి దిగేదాకా ఇద్దరం చెరో మూలకీ తిరిగి నిలబడ్డాం. రౌటర్ విప్పడానికి రెండు పానాలు కావాలి, ఒకటి కాలెట్‌ని తిప్పే షాఫ్టు తిరక్కుండా పట్టుకోవడానికి, ఒకటి నట్టు తిప్పడానికి. నట్టు పానా కోసం ఇద్దరం ఒకేసారి చెయ్యి వేశాం.

"నాకివ్వు. నీ చేతుల్లో బలమెంతో అందరికీ తెలుసు" అన్నాడు.

"నట్టు అమ్మాయి తిప్పుతుంది. నువ్వు షాఫ్టు పట్టుకో" అన్నాడు నాన్న.

బావ పళ్ళు కొరుక్కుంటూ షాఫ్టు పట్టుకున్నాడు. అతని మోచెయ్యి నా పక్కటెముకల్లోకి దిగుతోంది, నా భుజం అతని గెడ్డానికి ఆనుతోంది. అంత దగ్గరగా మేం ఎప్పుడూ నిలబడలేదు. గుంజాను. పానా జారి అతని వేళ్ళ కణుపులు బల్ల అంచుకి కొట్టుకున్నాయి.

"కావాలని చేశావు."

"కావాలని చేస్తే అంతటితో పోదు."

"పైపు తీసుకోండి" అన్నాడు నాన్న విసుగ్గా.

బల్ల కిందకి వంగాను. పైపు ఎప్పుడూ ఉండే చోట లేదు. లేచి చూస్తే కిటికీ గట్టు మీద, మిషను వెనక కనిపించింది. అందుకుని చూశాను. పైపు ఒక చివర దుమ్ము తుడుచుకుపోయి, వేళ్ళ జాడలు పడి ఉన్నాయి. నాకు నవ్వాగలేదు.

"ఏం బావా, పైపు కూడా వాడావా? నాతో పోటీకి నీ కండలు చాల్లేదా? అంత దిగజారిపోయావా?"

"నేనా?" అన్నాడు. "నేను పైపు ముట్టానా? ఛీ."

ఆ ఛీ వినగానే నా నవ్వు ఆగిపోయింది. అతని అబద్ధాలు నాకు తెలుసు, అబద్ధమాడేటప్పుడు మాటలు ఎక్కువ వాడతాడు. ఇది అబద్ధం కాదు. ఆడదాని ముందు పైపు పట్టుకోవడం కన్నా చెయ్యి విరగ్గొట్టుకోవడం నయమనుకునే మనిషి అతను.

పైపు తొడిగి తిప్పాను. నట్టు టక్కుమనలేదు. మూలుగుతూ, మెల్లగా, కొంచెం కొంచెంగా కదిలింది. ఇన్నాళ్ళలో ఏ పొద్దునా నా చేతికి అలా తెలియలేదు.

మామూలుగా అయితే నట్టు కాసేపు ఖాళీగా తిరిగి, రెండోసారి మళ్ళీ బిగుస్తుంది. అక్కడ ఆగకుండా ఇంకా తిప్పితే నట్టే కాలెట్‌ని పట్టుకుని బయటికి లాగేస్తుంది. ఇక్కడ రెండో బిగువు రాలేదు. నట్టు ఒక్కటే ఊడి నా చేతిలోకి వచ్చింది. కాలెట్ లోపలే ఉండిపోయింది.

బావ ఉలీ సుత్తీ అందుకున్నాడు. "అడ్డం తప్పుకో. రెండు దెబ్బలు వేస్తే అదే వస్తుంది."

"దెబ్బ నిలువునా పడితే లోపల బేరింగు పోతుంది. కాలెట్ పోయింది చాలక మొత్తం మిషను పారేద్దామనా?"

"ఇంకెలా తీస్తావు, బొట్టు పెట్టి పిలుస్తావా?"

"నువ్వు దూరంగా ఉంటే అదే వస్తుంది, నీ మొహం చూసి లోపల దాక్కుంది" అన్నాను. నట్టు మళ్ళీ రెండు చుట్లు మాత్రమే ఎక్కించి, చిన్న చెక్క సుత్తితో పక్క నుంచి మెల్లగా తట్టాను. షాఫ్టు కొంచెం తిప్పి ఇంకో పక్క తట్టాను. అలా చుట్టూ తడుతూ పోయాను. బావ షాఫ్టు తిప్పుతున్నాడు, తిప్పమని నేను అడగలేదు, తిప్పనని అతను అనలేదు. కాసేపటికి లోపల ఏదో వదిలిన చప్పుడైంది. నట్టు తీసేస్తే కాలెట్ నా అరచేతిలో పడింది.

చీలికలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. మధ్య బెజ్జంలో బిట్టు కాదు కదా, అగ్గిపుల్ల కూడా దూరదు. ఒక పక్క పగులు కూడా వచ్చింది. ఖాళీగా బిగించారనడానికి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. పైపు వేసి బిగించారు. ఈ షెడ్డులో పైపు పట్టుకోవడానికి సిగ్గుపడని మనిషి ఒక్కరే ఉన్నారు.

తలెత్తి నాన్న వైపు చూశాను. ఆయన నా చేతిలోది చూడ్డం లేదు. బల్ల మీద ఉన్న పైపునే చూస్తున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు, అయినా మోచేతులు కదులుతున్నాయి. తీర్పు చెప్పేటప్పుడు ఆ పని తనదేనని ఆయనకి గుర్తు లేదు, పైపు చూశాక ఇప్పుడే గుర్తొచ్చింది.

బావ కూడా పైపు చూశాడు. తర్వాత నాన్నని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేనేమంటానో అని కాచుకున్నాడు.

నేనేమీ అనలేదు. అనకపోతే చాలు, నిన్న చివర్లో మిషను ముట్టింది ఇతనే కాబట్టి ఇతనే పోతాడు. నేను అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఊరికే నిలబడితే సరిపోతుంది. తాళం చెవి నా చెయ్యి చాపినంత దూరంలో ఉంది. నిలబడ్డాను.   నాన్నా నోరు తెరవలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి.

"నేనే మావయ్యా" అన్నాడు బావ.

ఇద్దరం అతని వైపు తిరిగాం.

"నిన్న మరదలి మీద కోపంతో నేనే బిగించాను. బిట్టు తీసేసి, పైపు వేసి బిగించాను. మీరన్నట్టే పోతాను. నా ఉలులు సర్దుకుంటాను." మాటలు ఎక్కువ వాడాడు.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. కాదనలేదు. ఆయన గుండెల్లోంచి బరువు దిగడం నాకు కనిపించింది. బావ వెళ్ళి గోడకున్న తన ఉలులు ఒక్కొక్కటే తీసి గుడ్డలో పెట్టుకోసాగాడు. నా వైపు చూడను కూడా లేదు.

నాకు రావలసిన సంతోషం రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మనిషి నాకు షెడ్డు దానం చేసి పోతాడట. ఇక మీదట నేను చేసే ప్రతి తలుపూ ఇతని దయ. ఎప్పుడు ఏ మూల కూర్చున్నా నాన్న ఇతన్నే తలుచుకుంటాడు, నా అల్లుడు నా పరువు కాపాడాడు అనుకుంటాడు, నన్ను చూసి నోరు మూసుకు నిలబడిన కూతురు అనుకుంటాడు. మంచితనంతో మాట్లాడానని ఎవరైనా అనుకుంటే వాళ్ళకి నా సంగతి తెలీదు. ఒళ్ళు మండి మాట్లాడాను.

"అబద్ధం నాన్నా" అన్నాను. "ఇతని బిగింపు నాకు తెలీదా? రోజూ విప్పేది నేనే కదా. ఇది ఇతను బిగించింది కాదు. ఇతను చచ్చినా పైపు ముట్టడు, నేను నవ్వుతానని."

బావ చేతిలో ఉలి ఆగిపోయింది. "నోరు ముయ్యి" అన్నాడు మెల్లగా. ఇన్నాళ్ళలో అతను నన్ను ఎన్నో తిట్టాడు, అంత అసహ్యం ఏ మాటలోనూ లేదు.

నాన్న కళ్ళు తెరిచాడు. ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. "తెల్లవారగానే వచ్చాను. ఈ మధ్య కాస్త నయంగా ఉంటోంది. ఒక్క చిన్న చెక్క అంచు తీసి చూద్దామనుకున్నాను. అల్లుడి బిట్టు విప్పడానికి నా వల్ల కాలేదు, పైపు వేశాను. విప్పాను. నా బిట్టు పెట్టబోతే బెజ్జంలోకి వెళ్ళదు. ఎన్నిసార్లు పెట్టినా పక్కకే పోతోంది చెయ్యి. ఇక వదిలేశాను. నట్టు వదులుగా ఉంచి వెళ్ళకూడదు కదా, అదొక్కటే గుర్తుంది. వేళ్ళతో తిప్పితే వేళ్ళు నిలవడం లేదు. అందుకని మళ్ళీ పైపు వేశాను."

బావ చేతిలోని ఉలిని గుడ్డ మీద పెట్టేశాడు.

"కొత్త కాలెట్ డబ్బాలో ఉంది. పెట్టు, చూస్తాను" అన్నాడు నాన్న.

చేతులకి పని దొరికినందుకు బతికిపోయాను. మూతి లోపలి పాత జిగురూ నూనే గుడ్డతో పొడిగా తుడిచాను, అక్కడ నూనె ఉంటే కాలెట్ జారుతుంది. కొత్త కాలెట్‌ని ముందు నట్టులోకి నొక్కితే లోపల అంచు పట్టుకుని టిక్కుమంది. దాన్ని షాఫ్టుకి ఎక్కించి, బిట్టు అడుగుదాకా దింపి, పిసరంత పైకి తీసి పట్టుకున్నాను. బిగించాను. ఎంత కావాలో అంతే బిగించాను. నాన్న మెడ చాచి చూస్తున్నాడు, వంక పెట్టడానికి ఆయనకి ఏమీ దొరకలేదు.

"బాగుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. విన్నందుకు కడుపులో చల్లగా ఉండాలి. వెన్నులో చలి పుట్టింది.

కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "మాటన్నాను కదా" అన్నాడు. "దాటాలి."

"అదేం మాట మావయ్యా. ఇది మీ షెడ్డు" అన్నాడు బావ.

"కూతురూ అల్లుడూ అని చూడనన్నాను. నన్ను మాత్రం చూసుకుంటానా?" తాళం చెవిని వణికే వేలితో నా వైపు తోశాడు. అది బల్ల అంచుదాకా వచ్చి ఆగింది. "నీకిదే కదా కావలసింది. ఉంచుకో. అతన్ని ఉండనిస్తావో పొమ్మంటావో నీ ఇష్టం."

"నాన్నా, నేను నిన్ను పొమ్మన్లేదు. ఇతను అబద్ధం..."

"నువ్వు నిజమే చెప్పావు" అన్నాడు నాన్న. కోపంగా అని ఉంటే బాగుండేది. కోపంగా అనలేదు.

షెడ్డు గుమ్మం బయట ఎత్తయిన మెట్టు ఉంది. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచీ, మేం దగ్గరున్నప్పుడల్లా, ఆయన ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునే ఆ మెట్టు దిగుతున్నాడు. నేను గబగబా ముందుకి వెళ్ళి చెయ్యి చాపాను. నా చేతి వైపు చూశాడు, నూనె మరకలు చూశాడో ఇంకేం చూశాడో తెలీదు. తల తిప్పుకుని లోపలికి పిలిచాడు.

"అల్లుడూ, కాస్త పట్టుకో నాయనా."

బావ ఉలుల మూట బల్ల మీద పడేసి వచ్చాడు. నన్ను భుజంతో పక్కకి నెట్టి ఆయన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్టు దిగారు. నాన్న బరువంతా అతని మీద వేసి, ఒక్కో అడుగే వేస్తూ వీధి మలుపు వైపు వెళ్ళారు. నేను గుమ్మంలోనే నిలబడి, ఇద్దరిలో ఒకరైనా వెనక్కి తిరుగుతారని కాచుకున్నాను. బావైనా సరే, వెనక్కి తిరిగి ఒక తిట్టు తిట్టినా చాలనుకున్నాను. ఎవరూ తిరగలేదు.